పట్టూ, విడుపూ

"దుకాణాల్లో అమ్మే స్ప్రింగు పిడి కొనుక్కోమంటారా? రోజుకు రెండువందల సార్లు నొక్కితే పిడికిలి గట్టిపడుతుందా?" అని చాలామంది పాఠకులు వ్రాస్తున్నారు. నరసరావుపేట దగ్గరి పల్లె నుంచి వ్రాసిన ఒక యువకుడు మరో మాట కూడా చేర్చారు: "వచ్చే శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళే మా వూరి ప్రభకు మోకు పట్టాలని నా కోరిక. నీ చేతుల్లో పట్టు లేదురా అని పెద్దవాళ్ళు దగ్గరికి రానివ్వడం లేదు."

ఆ ఉత్తరం కిందనే ఇంకొక ఉత్తరం. ఆమెకు 58 ఏళ్ళట. నీళ్ళ బకెట్టు ఎత్తితే వేళ్ళు జారుతున్నాయనీ, సీసా మూత తిప్పాలంటే మనవణ్ణి పిలవవలసి వస్తున్నదనీ వ్రాశారు. "ఈ కసరత్తులన్నీ కుర్రకారుకేనా, మావంటి వాళ్ళకు కూడా ఏమన్నా వున్నాయా?" అని అడిగారు.

ఇద్దరికీ వేరువేరుగా చెప్పనక్కరలేదు. ప్రభ మోకు జారకుండా పట్టేదీ, నీళ్ళ బకెట్టు జారకుండా పట్టేదీ ఒకే పట్టు. బరువులో తేడాయే గాని పద్ధతిలో తేడా లేదు. దానికి కావలసిన సామాను ఒక తువ్వాలు, రెండు బకెట్లు, ఒక ఇటుక, మూరెడు కర్ర, కాస్త తాడు, ఒక రబ్బరు బ్యాండు. ఇందులో కొనవలసింది ఏదైనా వుంటే ఆ రబ్బరు బ్యాండే.

మోకు చెప్పే పాఠం

ఆ యువకుడు ప్రభ మాట ఎత్తారు గనక అక్కడి నుంచే మొదలుపెడతాను. నరసరావుపేటకు పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలో, మూడు శిఖరాల కొండ మీద త్రికూటేశ్వరస్వామి వెలిసి వున్నాడు. మహాశివరాత్రి వచ్చిందంటే చుట్టుపట్ల పల్లెలు ప్రభలు కట్టుకుని తరలివస్తాయి. 60 అడుగులవీ, 80 అడుగులవీ, 100 అడుగుల దాకా లేచినవీ వుంటాయి. వెదుళ్ళూ కర్రలూ కలిపి కట్టిన చట్రానికి రంగు గుడ్డలూ, బొమ్మలూ, విద్యుద్దీపాలూ అమర్చి బండి మీద నిలబెడతారు. కొన్నిటిని ఎడ్లు లాగుతాయి, కొన్నిటిని ట్రాక్టర్లు లాగుతాయి. ముందుకు లాగడం ఎడ్ల పనో, యంత్రం పనో కావచ్చు. పక్కకు ఒరగకుండా నిలబెట్టడం మటుకు మనిషి చేతి పనే. పైనుంచి అటూ ఇటూ దిగిన మోకులను పట్టుకుని జనం ప్రభ వెంట నడుస్తారు.

ఈసారి తిరునాళ్ళకు వెళితే దీపాలు చూసి వచ్చెయ్యకండి. ఒక్క పది నిమిషాలు ఆ మోకుల వాళ్ళ చేతులు చూడండి. నేను చూసినంతలో, చేయి తిరిగినవాడు పళ్ళు బిగించి తాడును పిసుకుతూ నడవడు. చేతిలో తాడు వుంటుంది, ముంజేయి సడలి వుంటుంది. చక్రం గుంటలో దిగి ప్రభ ఎడమకు ఒరిగిందనుకోండి, కుడివైపు వాళ్ళు గుప్పిట బిగించి వెనక్కు వాలతారు. ఎడమవైపు వాళ్ళు లాగకుండా వదులిస్తారు. ప్రభ మళ్ళీ లేస్తూ వుంటే ఇటువాళ్ళు కొంచెం కొంచెంగా విడుస్తారు, అటువాళ్ళు అందుకుంటారు. అందరూ ఒకేసారి బలం కొద్దీ లాగితే ప్రభ నిలవదు. అందరూ ఒకేసారి వదిలితే అంతకంటే నిలవదు.

స్ప్రింగు పిడి సంగతి తేల్చడానికి నాకు ఈ ఒక్క దృశ్యం చాలు. బ్రతుకులో మనకు కావలసిన పట్టు నొక్కే పట్టు కాదు, జారనివ్వని పట్టు. తాడును, బకెట్టు పిడిని, మెట్ల పక్కన కమ్మీని, చంకలోని పసివాణ్ణి మనం పిసకం, జారనివ్వం. స్ప్రింగు పిడి నొక్కడమే నేర్పుతుంది. వున్నవాళ్ళు వాడుకోండి, తప్పు లేదు. కాని ఒక వరుసలో ఇరవై సార్లకు మించి సుళువుగా నొక్కగలుగుతున్నారంటే అది బలం పెంచే దశ దాటిపోయిందన్నమాట. ఆ తర్వాత రెండువందలు నొక్కినా ఓపిక పెరుగుతుందే గాని బలం అంతగా పెరగదు.

చేదుకో కోటయ్యా!

కొండ ఎక్కే భక్తులు "చేదుకో కోటయ్యా, చేదుకో!" అని కేకలు వేస్తూ ఎక్కుతారు. ఎంత చక్కని మాటో చూడండి. రక్షించమనీ, కరుణించమనీ అనకుండా, నూతిలోంచి నీళ్ళు చేదినట్టు మమ్మల్ని పైకి చేదుకో అంటున్నారు. చేదడమంటే ఏమిటో ఒళ్ళెరిగిన జనం నోట పుట్టిన మాట అది. చేంతాడును ఒక చెయ్యి పట్టి ఆపుతుంది. రెండో చెయ్యి ముందుకు సాగి అందుకుంటుంది. అది అందుకున్నాక మొదటిది విడుస్తుంది. పట్టు, విడుపు, పట్టు, విడుపు.

లెక్క వేసుకోండి. ఒక్క చేద పైకి రావడానికి పది పట్లు అనుకుందాం. రోజుకు ముప్ఫై చేదలు తోడిన ఇల్లాలు 300 పట్లు పట్టినట్టు. ఆ తర్వాత రోలు, రోకలి, తిరగలి, కవ్వం. ఈ కొండమీద స్వామిని సేవించినదని చెప్పుకునే ఆనందవల్లి గొల్లభామ. పాలు పితికే చెయ్యి, కవ్వం తాడు లాగే చెయ్యి, అభిషేకానికి బిందెతో నీళ్ళు మోసిన చెయ్యి. ఆ బిందెను కాకి దొర్లించిందనీ, ఆమె శపించడం చేతనే ఆ కొండపై కాకి వాలదనీ చెబుతారు. కథ మాట ఎట్లా వున్నా, ఆనాటి ఆడవాళ్ళ ముంజేతులకు వేరే కసరత్తు అక్కరలేదన్నది మటుకు నిజం. మగవాళ్ళకు నాగలి మేడి, పలుపుతాడు, మోట వుండేవి. అవి చాలవనుకున్న కుర్రవాళ్ళు తాలింఖానాలో లోడీలు తిప్పేవాళ్ళు, సంగిడీలు ఎత్తేవాళ్ళు.

ఇప్పుడు మీట నొక్కితే నీళ్ళు, మీట నొక్కితే పిండి. మంచిదే. నూతి దగ్గర నడుములు విరగ్గొట్టుకున్న రోజులు మళ్ళీ రావాలని నేననను. చేంతాడు పోయింది, సంతోషం. చేంతాడుతోపాటు పోయిన పట్టును మటుకు మనమే వేరే దారిన తెచ్చుకోవాలి.

ఎందుకు తెచ్చుకోవాలి అంటారా? 17 దేశాల్లో, మన దేశం కూడా అందులో ఒకటి, సుమారు 1,40,000 మంది పిడికిలి బలం కొలిచి, నాలుగేళ్ళపాటు వాళ్ళ ఆరోగ్యం గమనించిన పరిశోధన ఒకటి 2015లో "లాన్సెట్" వైద్యపత్రికలో వచ్చింది. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణాలు 16 శాతం ఎక్కువగా కనిపించాయి. పై రక్తపోటు అంకె కంటే పిడికిలి బలమే ఈ విషయంలో మెరుగైన సూచన అని తేలింది. దీని అర్థం పిడికిలి బిగిస్తే ఆయుష్షు పెరుగుతుందని కాదు. ఒళ్ళంతా వున్న కండ ఎట్లా వున్నదో చెయ్యి చెబుతున్నదని అర్థం. ఆసియా దేశాల నిపుణులు 2019లో ఒక గీత గీశారు: పట్టు కొలిచే పరికరం మీద పురుషులకు 28 కిలోలు, స్త్రీలకు 18 కిలోలు. అంతకు తగ్గితే కండ కరుగుతున్నదేమో చూసుకోవాలి. సీసా మూత తిరగకపోవడాన్ని ముసలితనం కింద కొట్టెయ్యవద్దని నేననేది ఇందుకే.

పట్టు ఎక్కడ పుడుతుంది?

కుడి ముంజేతిని మోచేతికి కాస్త కిందుగా ఎడమ చేత్తో పట్టుకుని, కుడి పిడికిలి బిగించి వదలండి. లోపల కండలు కదలడం తెలుస్తుంది. వేళ్ళలో కండలు లేవు. వేళ్ళను ముడిచే పెద్ద కండలు ముంజేతిలో వున్నాయి. అక్కడి నుంచి సన్నని తాళ్ళవంటి బంధనాలు మణికట్టు గుండా వేళ్ళకు వెళతాయి. ప్రభకు మోకులు ఎట్లాగో వేళ్ళకు ఇవి అట్లాగ.

ఇంకొకటి చేసి చూడండి. మణికట్టును లోపలికి పూర్తిగా వంచి పిడికిలి బిగించబోండి. బిగియదు. మణికట్టు నిటారుగా, లేదా కొద్దిగా వెనక్కు వున్నప్పుడే పట్టు గట్టిగా వుంటుంది. కసరత్తులోనూ, పనిలోనూ ఈ ఒక్క కిటుకు గుర్తుంచుకుంటే సగం బలం వచ్చినట్టే.

ఇంటి సామానుతో ఆరు కసరత్తులు

వారానికి మూడు రోజులు చాలు, రోజు విడిచి రోజు. మొత్తం పావుగంట పని.

మొదటిది తువ్వాలు పిండడం. మందపు తువ్వాలు నీళ్ళలో ముంచి నీరు కారడం ఆగేదాకా పిండండి. ఒకసారి కుడిచెయ్యి ముందుకు తిప్పుతూ, మరొకసారి ఎడమచెయ్యి ముందుకు తిప్పుతూ. అటు మూడు, ఇటు మూడు. ఎట్లాగూ బట్టలు పిండుకునే వాళ్ళకు ఇది వేరే కసరత్తే కాదు.

రెండవది కాగితం నలపడం. పాత దినపత్రిక కాగితం ఒకటి విప్పి, ఒక మూల పట్టుకుని, రెండో చెయ్యి సాయం లేకుండా గుప్పిట్లోకి లాక్కుంటూ వుండ చెయ్యండి. చేతికి రెండు కాగితాలు. మన పత్రికతో మటుకు చెయ్యకండి. సీరియల్ చదవనివాళ్ళు ఇంట్లో ఇంకా వుంటే పోట్లాట వస్తుంది.

మూడవది బకెట్ల నడక. ఇది అన్నిటిలోకీ గొప్పది. లీటరు నీళ్ళు కిలో బరువు గనక, బకెట్టును మించిన తూకపురాళ్ళు లేవు. రెండు బకెట్లలో చెరి 5 లీటర్లు పోసి, చెరొక చేత పట్టుకుని అర నిమిషం నడవండి. భుజాలు వేలాడకూడదు, నడుము వంగకూడదు. దించి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ నడవండి. మొత్తం నాలుగు సార్లు. వారానికి అర లీటరు చొప్పున పెంచండి. పిడి కోసుకుంటే పాతగుడ్డ చుట్టండి; పిడి లావయ్యేకొద్దీ వేళ్ళకు పని పెరుగుతుంది కూడా. బకెట్టు దించేటప్పుడు మోకాళ్ళు వంచి దించాలి, నడుము వంచి కాదు.

నాలుగవది ఇంట్లో చేదుడు. మూరెడు కర్ర మధ్య మూడడుగుల తాడు కట్టి, తాడు చివర లీటరు నీళ్ళ సీసా కట్టండి. కర్రను రెండు చేతులా ఛాతీ ఎదుట పట్టుకుని, ఒక మణికట్టు తర్వాత ఒకటి తిప్పుతూ సీసా పైకి వచ్చేదాకా తాడు చుట్టండి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. సీసాను దబ్బున వదలకుండా అంతే నిదానంగా దించాలి. ఎక్కించినంతసేపూ దించడానికి పట్టాలి. మూడుసార్లు చేస్తే ముంజేయి మండుతుంది. అది మంచి మంటే. సుళువైన తర్వాత సీసా తీసి ఇటుక కట్టండి.

ఐదవది ఇటుక పట్టు. బొటనవేలు ఒక వైపు, నాలుగు వేళ్ళు ఒక వైపు పెట్టి ఇటుకను పైనుంచి పట్టి ఎత్తి, తొడ పక్కన పది సెకన్లు ఆపండి. ఇటుక మూడు కిలోల దాకా తూగుతుంది. ముందు లావుపాటి పుస్తకంతో మొదలుపెట్టడం మేలు. పాదాలు దూరంగా వుంచుకోండి. మన పట్టులో ముందుగా జారేది బొటనవేలే, దానికి ఇది ప్రత్యేకమైన మందు.

ఆరవది విడుపు. దీన్ని మానేసేవాళ్ళే ఎక్కువ. అయిదు వేళ్ళ కొసలూ దగ్గరకు చేర్చి, చుట్టూ రబ్బరు బ్యాండు తగిలించి, వేళ్ళను పువ్వు విచ్చుకున్నట్టు విప్పండి. ఇరవై సార్లు. లేదా బకెట్టు ఇసుకలోనో, డబ్బా బియ్యంలోనో చెయ్యి దూర్చి, లోపలే వేళ్ళు చాచండి. ముడిచే కండలకే పనిచెప్పి, చాచే కండలను మరచిపోతే మణికట్టు నిలకడ పోయి మోచెయ్యి సలుపుతుంది. వేళ్ళు చాచలేనివాడి పిడికిలికి గట్టితనం రాదు.

ఇద్దరికీ రెండు మాటలు

అమ్మా, మీరు మొదటి రెండు వారాలు తువ్వాలు, రబ్బరు బ్యాండు, రెండు లీటర్ల బకెట్లతో నడక, ఈ మూడే చెయ్యండి. మూడో వారం నుంచి బకెట్టుకు అర లీటరు చొప్పున పోసుకుంటూ పొండి. ఈ వయస్సులో కండ పెరగదని అనుకోకండి. పని చెబితే ఏ వయస్సులోనైనా పెరుగుతుంది, కాకపోతే కాస్త నిదానం. దానికి తిండీ కావాలి. పప్పు, పెరుగు, అలవాటుంటే గ్రుడ్డు, రోజూ విస్తట్లో వుండాలి. చారన్నంతో లేచిపోతే కండ దేనితో కడుతుంది?

ఇక బాబూ, మీరు కార్తీకంలో మొదలుపెట్టండి. మాఘ బహుళ చతుర్దశికి మూడు నెలల పైన వ్యవధి వుంటుంది. పై ఆరింటికీ ఒకటి కలుపుకోండి. మీ బరువు ఆగుతుందని తేల్చుకున్న వేపకొమ్మకు తువ్వాలు వేసి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని వేలాడండి. ముందు కాళ్ళు నేలకు ఆనించే వుంచి పది సెకన్లు. క్రమేణా కాళ్ళు ఎత్తి ముప్ఫై సెకన్లు. భుజం నొప్పి వున్నవాళ్ళు దీని జోలికి పోవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: మోకును ఎన్నడూ చేతికి చుట్టుకోకండి. పట్టు తక్కువైనవాడికి తట్టే మొదటి వుపాయం అదే. మణికట్టుకు రెండు చుట్లు చుడితే జారదు కదా అనిపిస్తుంది. కాని ప్రభ ఒరిగిందంటే ఆ బరువుతో నీ బలం సరితూగదు. చుట్టుకున్న చెయ్యి విడిపించుకునే వ్యవధి వుండదు. చెయ్యి పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. తాడు జారిపోతూ వుంటే అరచేతిలో ఇంకా బిగించి పట్టుకుంటే తోలు వూడుతుంది. పక్కవాళ్ళకు వినబడేట్టు కేకవేసి వదిలెయ్యాలి. పెద్దవాళ్ళు మిమ్మల్ని దగ్గరికి రానివ్వనిది మిమ్మల్ని చిన్నబుచ్చడానికి కాదు; పట్టు లేనివాడు తాడు చుట్టుకుంటాడని వాళ్ళకు తెలుసు. ప్రభ కింద వూరు వూరంతా నడుస్తూ వుంటుంది. పట్టుకోవడం ఎంత నేర్చుకుంటారో విడవడం అంత నేర్చుకున్నాకే మోకు అడగండి.

ఎప్పుడు ఆపాలి?

కండ నొప్పి వేరు, కీలు నొప్పి వేరు. ముంజేయి బరువెక్కి మర్నాటికి తగ్గితే అది కండ నొప్పి, భయం లేదు. మణికట్టులోగాని, మోచేతి బయటి ఎముక దగ్గరగాని పొడిచినట్టుంటే వారం రోజులు ఆపండి. కండ కంటే బంధనాలు ఆలస్యంగా గట్టిపడతాయి, అందుకే తొందర పనికిరాదు. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, నడివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తూ వుంటే మణికట్టులో నరం నలుగుతున్నదేమో, వైద్యుడికి చూపించండి. రక్తపోటు, గుండెజబ్బు వున్నవాళ్ళు ముందుగా తమ డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. ఎవరైనా సరే, వూపిరి బిగబట్టకూడదు; బరువు మోస్తూ మాట్లాడగలిగేట్టు వుండాలి.

ఇంకొకటి మరువకండి. నిన్నటిదాకా బాగున్న చెయ్యి ఉన్నట్టుండి పట్టు తప్పినా, చేతిలో గ్లాసు జారిపోయి మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా అది కసరత్తుతో కుదిరేది కాదు, పక్షవాతం కావచ్చును. ఒక్క నిమిషం కూడా కాలయాపన చెయ్యక 108కి ఫోను చెయ్యండి. రక్తపుగడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఆ లోపల ఆసుపత్రి చేరిన చెయ్యి మళ్ళీ పట్టుకునే అవకాశం వుంది.

గోడమీద క్యాలెండరు వుంటుంది కదా. ఇవాళ ఎన్ని లీటర్లతో ఎంతసేపు నడిచారో ఆ గడిలో ఒక అంకె వేసుకోండి. ఆరు వారాలు తిరిగిన తర్వాత మొదటి అంకెనూ, చివరి అంకెనూ ఒక కార్డు మీద వ్రాసి పంపండి. వచ్చే వారం మోకాళ్ళ సంగతి.